పద్నాలుగు రోజుల కోసం తవ్విన గోతులు

(1940లో జర్మన్లు ఇంగ్లండ్‌లో దిగితే వెనకనుంచి దెబ్బతీయడానికి తయారుచేసిన రహస్య దళాల గురించి, స్విండన్‌లో మన తెలుగువాళ్ళు కలుసుకున్నప్పుడు చేసిన ప్రసంగం. రాలేకపోయినవాళ్ళ కోసం రికార్డింగు విని టైపు చేశాం.)

అందరికీ నమస్కారం. వెనక వరసలో వినబడుతోందా? సరే. ముందు ఒక ప్రశ్న. మీలో హైవర్త్ వెళ్ళినవాళ్ళు ఎంతమంది? చేతులెత్తండి. చాలామందే ఉన్నారు. ఇక్కణ్ణుంచి ఆరు మైళ్ళు, ఇళ్ళు చూడటానికో పబ్‌కో వెళ్ళుంటారు. ఆ ఊళ్ళో 1940లో ఒక పోస్టాఫీసు ఉండేది. దాన్ని నడిపే పెద్దావిడ పేరు మేబుల్ స్ట్రాంక్స్. ఏ నార్‌ఫోక్ నుంచో, ఏ డెవన్ నుంచో ఒక రైతు రైలెక్కి, బస్సెక్కి, ఆవిడ కౌంటర్ దగ్గరికొచ్చి నిలబడతాడు. ఎక్కడికి వెళ్ళాలో అతనికి తెలీదు. హైవర్త్ పోస్టాఫీసుకు వెళ్ళి ఆవిడకు కనబడు అని మాత్రమే చెప్పారు. ఆవిడ కాగితాలు చూస్తుంది, లోపలికి వెళ్ళి ఫోన్ చేస్తుంది, మీవాళ్ళు వచ్చారు, తీసుకెళ్ళండి అని. కాసేపటికి మిలిటరీ బండి వస్తుంది. ఆ బండి వెళ్ళేది అక్కడికి దగ్గర్లోనే ఉన్న కోల్స్‌హిల్ హౌస్ అనే పాత బంగళాకి.

ఆ బంగళాలో ఏం నేర్పేవారు? వారాంతంలో వచ్చిన రైతుకి చప్పుడు కాకుండా మనిషిని చంపడం, రైలు పట్టా పేల్చడం, చీకట్లో కాపలావాడి పక్కనుంచే పాక్కుంటూ పోవడం. ఆదివారం సాయంత్రానికి ఇంటికి పంపించేసేవారు. సోమవారం పొద్దున్న మామూలుగా పాలు పితుక్కోవాలి కదా.

వీళ్ళకి పెట్టిన పేరు ఆక్సిలరీ యూనిట్లు. సహాయక దళాలు అన్నమాట. కావాలనే ఇంత చప్పటి పేరు పెట్టారు. వింటే ఎవరికైనా ఏ క్యాంటీన్ సరుకులు మోసేవాళ్ళో అనిపించాలి.

ఇప్పుడు ఇంటర్నెట్‌లో చూస్తే వీళ్ళ గురించి "చర్చిల్ రహస్య సైన్యం", "బ్రిటిష్ రెసిస్టెన్స్" అని తెగ రాస్తుంటారు. చదివితే మనకేమనిపిస్తుంది? జర్మన్లు వచ్చి ఇంగ్లండ్‌ని ఆక్రమించుకుంటే వీళ్ళు అడవుల్లో ఏళ్ళ తరబడి పోరాడేవాళ్ళు అనిపిస్తుంది. నేను ఇవాళ చెప్పదలచుకున్నది, అది కాదు అనే. వీళ్ళకిచ్చిన తిండి రెండు వారాలకి. వీళ్ళు దాక్కోవడానికి అడవిలో తవ్విన గోతిలో పెట్టింది పద్నాలుగు రోజుల రేషన్. ఎందుకంటే అంతకు మించి వీళ్ళు బతుకుతారని ఎవరూ అనుకోలేదు. పైవాళ్ళూ అనుకోలేదు, కొన్నాళ్ళకి వీళ్ళూ అనుకోలేదు. ఈ పద్నాలుగు అనే అంకె గుర్తుపెట్టుకోండి, మిగతాదంతా దాన్నిబట్టే అర్థమవుతుంది.

సరే, కొంచెం వెనక్కి వెళ్దాం. 1940 మే, జూన్. ఫ్రాన్స్ కూలిపోతోంది. ఫ్రాన్స్ తీరంలోని డంకర్క్ నుంచి 3,38,000 మందికి పైగా సైనికుల్ని పడవల మీద తెచ్చుకున్నారు. మనుషులొచ్చారు కానీ ఫిరంగులు, లారీలు, ట్యాంకులు అన్నీ అక్కడే వదిలేసి వచ్చారు. అవతలి ఒడ్డున జర్మన్ సైన్యం. డోవర్ దగ్గర మధ్యలో ఉన్న సముద్రం ముప్పై నాలుగు కిలోమీటర్లు, అంతే. మే 14న యుద్ధమంత్రి ఆంథొనీ ఈడెన్ రేడియోలో పిలుపిస్తే హోమ్ గార్డు కోసం, అంటే సొంత ఊళ్ళు కాపాడే స్వచ్ఛంద దళం కోసం, లక్షల మంది పేర్లిచ్చారు, ఇవ్వడానికి తుపాకులే లేవు. జూలై 16న హిట్లర్ ఇంగ్లండ్ మీద దాడికి సిద్ధం కమ్మని ఆదేశం ఇచ్చాడు. ఇది మనకిప్పుడు తెలిసిన కథ కాబట్టి జరగలేదులే అని తేలిగ్గా అనుకుంటాం. ఆ వేసవిలో ఇక్కడ పడుకున్నవాడికి తెల్లారేసరికి ఏమవుతుందో తెలీదు. ఆ టెన్షన్ ఊహించుకుంటే తప్ప తర్వాత జరిగింది అర్థం కాదు.

అప్పుడు ఈ రహస్య దళాల్ని తయారుచేసే పని అప్పగించింది కోలిన్ గబ్బిన్స్ అనే అధికారికి. ఈయన ఐర్లండ్‌లో పనిచేశాడు. అక్కడ మామూలు పల్లెటూరి కుర్రాళ్ళు బ్రిటిష్ సైన్యాన్ని ఎట్లా ముప్పుతిప్పలు పెట్టారో దగ్గర్నుంచి చూశాడు. 1939లోనే గెరిల్లా యుద్ధం మీద చిన్న చిన్న పుస్తకాలు రాశాడు. అంటే చూడండి, ఎవరినైతే అణచడానికి పంపారో వాళ్ళ దగ్గర నేర్చుకున్న విద్య, ఇరవై ఏళ్ళ తర్వాత సొంత ఊళ్ళు కాపాడుకోవడానికి పనికొచ్చింది. దీని మీద మన తాతల కాలంవాళ్ళయితే ఓ నవ్వు నవ్వేవాళ్ళు.

గబ్బిన్స్ కింద ఓ పది పన్నెండు మంది ఇంటెలిజెన్స్ ఆఫీసర్లు. ఒక్కొక్కరికీ తీరంలో ఒక్కో ముక్క. ఉత్తర స్కాట్లాండ్ నుంచి తూర్పు తీరం వెంబడి దిగి, దక్షిణాన కార్న్‌వాల్ చుట్టి, సౌత్ వేల్స్ దాకా. కెంట్‌లో ఈ పని చేసినవాడు పీటర్ ఫ్లెమింగ్. జేమ్స్ బాండ్ రాసిన ఇయాన్ ఫ్లెమింగ్‌కి అన్నయ్య. తమ్ముడు కథలు రాశాడు, అన్న గోతులు తవ్వించాడు.

మనుషుల్ని ఎలా ఎంచేవారు? ప్రకటన ఇవ్వడానికి లేదు. ఆఫీసరు ఊళ్ళోకొచ్చి ముందు ఒక నమ్మకమైన రైతుని పట్టుకుంటాడు. అతను తనకు తెలిసినవాళ్ళ పేర్లు చెబుతాడు. పోలీసులు వాళ్ళ పాత చరిత్ర చూస్తారు, ఎందుకో వాళ్ళకీ చెప్పరు. రైతులు, అడవిలో చెట్లు కొట్టేవాళ్ళు, రాతి క్వారీల్లో మందుపాతర పెట్టడం తెలిసినవాళ్ళు, జమీందారీ ఎస్టేట్లలో వేటపక్షుల్ని కాపాడే గేమ్‌కీపర్లు. ఇంకా ఎవరు? ఆ గేమ్‌కీపర్ల కళ్ళు గప్పి రాత్రిళ్ళు కుందేళ్ళు కొట్టుకుపోయే దొంగవేటగాళ్ళు! ఇద్దర్నీ కొన్నిచోట్ల ఒకే దళంలో వేశారు. నిన్నటిదాకా ఒకరినొకరు తరుముకున్నవాళ్ళు ఇప్పుడు ఒకే గోతిలో పడుకోవాలి. ఆలోచించండి, ఆ పొలంలో ఏ కంచె దగ్గర సందు ఉందో, ఏ కుక్క ఏ చప్పుడికి మొరుగుతుందో వాళ్ళిద్దరికి తెలిసినంత ఏ సైనికాధికారికి తెలుస్తుంది?

ఒక్కో దళంలో నలుగురి నుంచి ఎనిమిది మంది. ఒక సార్జంటు. పక్క ఊరి దళం ఎవరో వీళ్ళకి తెలీదు. అందరిచేతా అధికార రహస్యాల చట్టం కింద సంతకం పెట్టించారు. పైకి హోమ్ గార్డు యూనిఫారం వేశారు, 201, 202, 203 అని మూడు బెటాలియన్ల నంబర్లు. మొత్తం మీద సుమారు 3,500 మంది.

ఇప్పుడు గొయ్యి గురించి చెప్తాను. నాకు అన్నిటికంటే ఇష్టమైన భాగం ఇది, కాస్త ఎక్కువసేపు చెప్తాను, ఓర్చుకోండి.

దాన్ని ఆపరేషనల్ బేస్ అనేవారు. అడవిలో నేల తవ్వి, లోపల ముడతల ఇనుప రేకుల్ని గుండ్రంగా కమానులా నిలబెట్టి, రెండు కొసల్లో ఇటుక గోడ కట్టి, పైన మళ్ళీ మట్టి కప్పి, దాని మీద మొక్కలు, ఆకులు. సుమారు ఇరవై అడుగుల పొడవు, పదడుగుల వెడల్పు. లోపల చెక్క మంచాలు, ఒక బల్ల, కిరోసిన్ స్టవ్, ఒక మూల కెమికల్ టాయిలెట్. పేలుడు మందు కూడా అక్కడే, తలకింద దిండు పక్కనే అనుకోండి. జెలిగ్నైట్ అనే ఆ మందు దగ్గర ఎక్కువసేపు ఉంటే తలనొప్పి పట్టుకుంటుంది. గాలి కోసం మట్టి గొట్టాలు పెట్టి వాటి మూతి పైన ఏ చెట్టు మొద్దులోకో కలిపేవారు. అయినా గోడలన్నీ చెమర్చేవి, బట్టలు ఆరేవి కావు.

లోపలికి దారి ఎలా? నేల మీద ఒక చెక్క పళ్ళెం లాంటి మూత, దాన్నిండా మట్టి, ఆకులు. చూస్తే అడవి నేలే. దాచిన తీగ లాగితే బరువుల సాయంతో మూత పైకి లేస్తుంది. దిగాక నిచ్చెన. రెండో వైపు ఇంకో సొరంగం, పారిపోవడానికి. కెంట్‌లో ఒక గోతికి వేరే ఏర్పాటు ఉండేది. ఆకుల్లో ఒక గోళీ దాచి పెడతారు. మనవాడు వచ్చి ఆ గోళీ వెతుక్కుని, పక్కనే ఎలక బొరియలా కనబడే రంధ్రంలో వేస్తాడు. అది పన్నెండడుగుల గొట్టంలో దొర్లుకుంటూ వెళ్ళి కింద రేకు డబ్బాలో టంగుమని పడుతుంది. మనవాడే వచ్చాడని లోపలివాళ్ళు తలుపు తీస్తారు. పిల్లలు నవ్వుతున్నారు. నవ్వండి, నిజంగా పిల్లల ఆట లాంటిదే. కానీ ఆ చప్పుడు కాకుండా తలుపు కదిలితే లోపలివాళ్ళు కాల్చడానికి సిద్ధంగా ఉండేవాళ్ళు.

తవ్విన మట్టి ఏం చేయాలి? ఇది పెద్ద సమస్య. కెంట్, ససెక్స్‌లో పైన కాస్త మట్టి, కింద తెల్లటి సుద్ద. కుప్ప పోస్తే విమానంలోంచి కనబడుతుంది. అదంతా దూరంగా మోసుకెళ్ళి పారబోయాలి. మొదట్లో దళంవాళ్ళే రాత్రిళ్ళు తవ్వుకున్నారు. తర్వాత దూరం నుంచి ఇంజనీర్ దళాల్ని తెచ్చి తవ్వించారు. వాళ్ళు ఆ చుట్టుపక్కలవాళ్ళు కారు కాబట్టి పనై వెళ్ళిపోయాక ఎక్కడ తవ్వారో చెప్పలేరు. ఎవరైనా అడిగితే ఆహార నిల్వల కోసమని చెప్పేవారు. ఇలాంటివి యుద్ధం అయ్యేసరికి ఐదు వందలకు పైగా.

1941లో మాంట్‌గొమరీ, అదే తర్వాత ఈజిప్టులో ఎల్ అలమైన్ యుద్ధం గెలిచిన మాంట్‌గొమరీ, కెంట్ వైపు కోర్ కమాండర్‌గా ఉన్నాడు. ఫ్లెమింగ్ తర్వాత వచ్చిన కెప్టెన్ నార్మన్ ఫీల్డ్ ఆయన్ని గుట్ట మీదికి తీసుకెళ్ళాడు. అక్కడ గొర్రెలకు మేతపెట్టే పాత చెక్కతొట్టి. ఇద్దరూ దాని మీద కూర్చుని లోయ చూస్తూ కబుర్లు చెప్పుకుంటున్నారు. జనరల్ గారు తిరిగి చూసేసరికి పక్కన కెప్టెన్ లేడు. మాయం. కాసేపటికి తొట్టిలోంచి తల పైకొచ్చింది. తొట్టి అడుగే తలుపు.

ఆయుధాలు సామాన్య సైనికుడికి దొరకనివి కూడా వీళ్ళకి ముందే ఇచ్చారు. టామీ గన్‌లు, సైలెన్సర్ బిగించిన చిన్న రైఫిళ్ళు, ఫెయిర్‌బెయిర్న్ సైక్స్ బాకులు, ప్లాస్టిక్ పేలుడు మందు. అన్నిట్లోకీ తెలివైనది టైమ్ పెన్సిల్. పెన్సిలంత రాగి గొట్టం, లోపల సన్నని గాజు గుళికలో ఒక ద్రావకం, దాని పక్కనే సన్నటి తీగ. గొట్టాన్ని నొక్కితే గాజు పగులుతుంది. ద్రావకం తీగని మెల్లగా తినేస్తుంది. తీగ తెగితే స్ప్రింగు వదులుకుని సూది వెళ్ళి తగులుతుంది. గడియారంలా టిక్కుటిక్కుమని చప్పుడు ఉండదు. రంగు పట్టీని బట్టి సమయం: నల్లదైతే పది నిమిషాలు, ఎర్రదైతే అరగంట, ఇలా రోజు దాకా. కానీ చలి ఎక్కువైతే ద్రావకం మెల్లగా పనిచేస్తుంది, ఎండ ఉంటే తొందరగా. అంటే పట్టీ మీద రాసింది నమ్ముకుని అక్కడక్కడే తిరిగితే అంతే సంగతులు.

వీటన్నిటికీ వాడకం పుస్తకం కావాలి కదా. పుస్తకం జర్మన్ల చేతికి దొరకకూడదు. ఏం చేశారు? 1939 సంవత్సరపు రైతు డైరీ అని అట్ట వేశారు. అట్ట మీద హైవర్త్ ఎరువుల కంపెనీ ప్రకటన! మా ఎరువులు కనబడకుండా పనిచేస్తాయి, ఫలితం కనబడేదాకా మీకు తెలీదు అనే అర్థం వచ్చేలా రాశారు. ఇంగ్లీషువాళ్ళ హాస్యం గురించి మనం ఎన్ని అనుకున్నా, యుద్ధం నెత్తిమీదికొచ్చినప్పుడు ఈ జోకు వేయగలిగారు చూడండి.

ఇక అసలు విషయం. పద్నాలుగు రోజులు.

జర్మన్లు దిగారనుకోండి. ఊళ్ళో గంటలు మోగగానే వీళ్ళు ఇంట్లో ఎవరికీ చెప్పకుండా మాయమై గోతిలోకి దిగాలి. పెళ్ళాం పిల్లలు పైనే ఉంటారు, ఏమయ్యాడో వాళ్ళకి తెలీదు. జర్మన్ సైన్యం తలమీదుగా ముందుకు పోతుంది. అప్పుడు రాత్రిళ్ళు పైకొచ్చి వెనకనున్న పెట్రోలు నిల్వలు, మందుగుండు నిల్వలు, రైలు పట్టాలు పేల్చాలి. జర్మన్ అధికారులు విడిది చేసే పెద్ద పెద్ద బంగళాల మీద పడాలి. ఆ బంగళాలేవో ముందే చూసిపెట్టుకున్నారు, కిటికీలతో సహా. వీళ్ళ పని గెలవడం కాదండీ. ముందుకు పోయిన సైన్యానికి కొన్ని రోజులు పెట్రోలు అందకుండా చేస్తే అసలు బ్రిటిష్ సైన్యం ఎదురుదాడికి సర్దుకుంటుంది. ఆ కొన్ని రోజుల కోసం ఈ మనుషుల్ని ఖర్చు పెట్టాలని లెక్క. ఖర్చు అనే మాట నేను కావాలనే వాడుతున్నాను.

పైనుంచి ఆదేశాలు రావు, ఎందుకంటే గోతిలో రేడియో లేదు. సరుకు అయిపోతే కొత్తది రాదు. గాయపడితే డాక్టరు లేడు. ఒక జాడీ రమ్ము ఇచ్చారు, నొప్పికి అది మందు. నడవలేని వాణ్ణి జర్మన్ల చేతికి ప్రాణాలతో చిక్కనివ్వకూడదని తమలో తాము అనుకున్నామని ముసలితనంలో కొందరు చెప్పారు. యూనిఫారం ఉంది కదా, పట్టుబడితే యుద్ధఖైదీలు కారా అని మీరు అడగచ్చు. రాత్రిపూట సైన్యం వెనక నుంచి వచ్చి కాపలావాళ్ళ గొంతులు కోసినవాణ్ణి పట్టుకుని ఎవడు కాగితాలు చూస్తాడు?

ఇంకో మాట. ఇది చాలామంది దాటవేస్తారు. వీళ్ళు పెట్రోలు డిపో పేల్చేస్తే మర్నాడు ఆ ఊరివాళ్ళ గతి ఏంటి? 1942 జూన్‌లో ప్రాగ్‌లో నాజీ పెద్ద అధికారి హైడ్రిక్‌ని చంపినందుకు లిడిచే అనే ఊళ్ళో 173 మంది మగవాళ్ళని నిలబెట్టి కాల్చేశారు, ఊరిని నేలమట్టం చేశారు. నార్‌ఫోక్‌లోనో ససెక్స్‌లోనో అదే జరిగేది. ఆ దళంవాడి ఇల్లు ఎక్కడుంది? అదే ఊళ్ళో. కాలేది అతని పక్కింటివాళ్ళు. నా మటుకు నాకు, ఈ పథకం వేసినవాళ్ళు ఈ విషయం ఆలోచించి కూడా పక్కన పెట్టేశారనిపిస్తుంది. తప్పా ఒప్పా అంటే, 1940 జూలైలో కూర్చుని నేనైతే తీర్పు చెప్పలేను. కానీ దీన్ని వీరగాథగా మాత్రమే చెప్పడం నాకు నచ్చదు.

వీళ్ళతో సంబంధం లేకుండా ఇంకో విభాగం ఉండేది, స్పెషల్ డ్యూటీస్. వీళ్ళు పేలుళ్ళు చేయరు, చూస్తారు. ఊళ్ళో డాక్టరు, చర్చి ఫాదరీ, కమ్మరి, బట్టలు కుట్టేవాళ్ళు, రోడ్డు మీద ఎటు వెళ్ళినా ఎవరూ పట్టించుకోనివాళ్ళు. ఏ దారిన ఎన్ని లారీలు పోయాయో చీటీ రాసి ఒక చోట దాస్తారు. ఇంకొకరు తీసుకుని దాచిన రేడియో దగ్గరికి చేరుస్తారు. టకటకమనే మోర్స్ సంకేతాలు కాదు, నోటితో మాట్లాడే సెట్లు. డెవన్‌లో ఒకచోట రేడియో గది ఇంటి వెనక మరుగుదొడ్డి కింద ఉండేది. చీటీలు కోసిన టెన్నిస్ బంతిలో పెట్టి గొట్టంలో వదిలేవారు. అవతల నేలమాళిగల్లో ఆ మాటలు వినేది సైన్యంలోని ఆడవాళ్ళు. ఈ రెండు విభాగాలకీ ఒకదాని గురించి ఇంకోదానికి తెలీదు.

మన దేశానికి దీంతో చిన్న లింకు ఉంది. 1942 ఏప్రిల్‌లో జపాన్ బర్మా దాటి వస్తోంది. ఏప్రిల్ 6న మన విశాఖపట్నం మీద, కాకినాడ మీద బాంబులు పడ్డాయి, మీ ఇళ్ళల్లో పెద్దవాళ్ళు చెప్పే ఉంటారు. ఆ నెలలోనే అస్సాం, బర్మా సరిహద్దు కొండల్లో వి ఫోర్స్ అని ఒకటి మొదలెట్టారు. జపాన్ వాళ్ళు లోపలికొస్తే వెనక ఉండిపోయి దెబ్బతీయాలని ఇదే ఆలోచన. నాగాలు, కుకీలు, తేయాకు తోటల మేనేజర్లు అందులో ఉన్నారు. తర్వాత అది ఎక్కువగా సమాచారం సేకరించే పనిలోకి మారింది. కెంట్‌లో గోతులు తవ్వించిన పీటర్ ఫ్లెమింగ్ అప్పటికి ఢిల్లీ చేరాడు, అక్కడి సైన్యాధిపతి వేవెల్ కింద జపాన్ వాళ్ళకి తప్పుడు సమాచారం అందించే పని చూడటానికి.

సరే, ఇక్కడ జర్మన్లు రాలేదు. గోతులు అలాగే ఉన్నాయి. 1944 నవంబర్‌లో దళాల్ని రద్దు చేశారు. అందరికీ ఒక ఉత్తరం వచ్చింది. మీ పని రహస్యం కాబట్టి బహిరంగంగా గుర్తింపు ఇవ్వడం కుదరదు అని దాని సారాంశం. కోటుకి పెట్టుకునే చిన్న బ్యాడ్జీ ఇచ్చారు. దాని మీద ఆ మూడు నంబర్లు తప్ప ఇంకేమీ లేదు, చూసినవాడికి ఏమీ అర్థం కాదు. యుద్ధం జరుగుతుండగానే వీళ్ళలో కొందరికి ఊళ్ళోవాళ్ళు తెల్ల ఈకలు ఇచ్చారట. అంటే నువ్వు పిరికివాడివి, సైన్యంలో చేరలేదు అని. ఆ ఈక తీసుకుని జేబులో పెట్టుకుని ఇంటికెళ్ళాలి, నోరు విప్పకూడదు. చాలామంది పెళ్ళాలకి చెప్పకుండానే పోయారు. 1968లో మొదటి పుస్తకం వచ్చేదాకా బయటివాళ్ళకి పెద్దగా తెలీదు. లండన్‌లో రిమెంబరెన్స్ ఆదివారం నాడు వీళ్ళు తమ పేరుతో కవాతు చేసింది 2013లో. అప్పటికి బతికున్నవాళ్ళు వేళ్ళ మీద లెక్కే.

ఎసెక్స్‌లో ఒక రైతు ఉండేవాడు, దళం నాయకుడు. రద్దు చేశాక సరుకు తీసుకెళ్తాం, జాగ్రత్తగా ఉంచమన్నారు. ఎవరూ రాలేదు. అతను తన పాల షెడ్డు దగ్గర ఉంచాడు. ఒక ఏడాది, రెండేళ్ళు, పదేళ్ళు. రహస్యం కదా, ఎవర్ని అడుగుతాడు? ఇరవై ఏళ్ళ తర్వాత 1964లో ఇక లాభం లేదని పోలీసులకి చెప్పాడు. సైన్యం వచ్చి లెక్కపెడితే 14 వేలకు పైగా తూటాలు, వెయ్యి పౌన్లకు పైగా పేలుడు మందు, వందల కొద్దీ పారఫిన్ బాంబులు. ఇన్నాళ్ళూ పక్కనే ఆవుల పాలు పితుకుతున్నారు!

చివర్లో ఎవరో అడిగారు, చూడటానికి ఏమైనా మిగిలాయా అని. కోల్స్‌హిల్ హౌస్ 1952లో కాలిపోయింది. ఎస్టేటు నేషనల్ ట్రస్టు చేతిలో ఉంది, అక్కడ నమూనాగా కట్టిన గొయ్యి ఉంది. తెరిచే రోజులు ముందు చూసుకుని వెళ్ళండి. సఫోక్‌లో పార్హమ్ విమానాశ్రయం దగ్గర దీనికోసమే ఒక మ్యూజియం ఉంది. అసలు గోతులు చాలావరకు కూలిపోయాయి. మిగిలినవి జనాల సొంత పొలాల్లో ఉన్నాయి, అడక్కుండా దూరకండి, రేకులు తుప్పుపట్టి ఉంటాయి. పిల్లల్తో అడవుల్లో నడిచేవాళ్ళకి ఇంకో మాట: నేలలోంచి పాత గాజు సీసాలు బయటపడితే, లోపల పసుప్పచ్చటి ద్రవం, రబ్బరు ముక్క కనబడితే ముట్టుకోవద్దు. అందులో భాస్వరం ఉంటుంది, గాలి తగిలితే దానంతటదే అంటుకుంటుంది. ఇప్పటికీ తవ్వకాల్లో దొరుకుతూనే ఉన్నాయి. దూరంగా జరిగి 999కి ఫోన్ చేయండి. ఇంకేమైనా అడగాలంటే టీ తాగుతూ మాట్లాడుకుందాం, పకోడీ చల్లారిపోతోంది.